అక్కయ్య రాసిపెట్టిన కక్ష్యల వెంట

మా అక్కయ్య సీతారత్నం ముప్ఫై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పింది. ఎక్కువ కాలం పాత ప్రకాశం జిల్లాలోనే పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చి ముందుగదిలో ఉంది. ఆ గదిలో కూర్చుని పదో తరగతి పిల్లల కోసం ఉపగ్రహాల మీద ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టింది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. ఒక్కో అధ్యాయం నా చేతికిచ్చి, "అందమైన వాక్యం కనబడితే కొట్టెయ్ రా. అది నిద్రమత్తులో రాసింది" అనేది.

చివరి అధ్యాయం పేరు "కక్ష్యలు ఎన్ని రకాలు". అది పూర్తికాక ముందే జబ్బు బయటపడింది. మందులు పనిచెయ్యవని డాక్టరు చెప్పిన నెలకి, ఒక పొద్దున్నే చేతిసంచితో బయల్దేరి, సింగరాయకొండలో ఉన్న తన పాత స్నేహితురాలు మార్తమ్మ గారింటికి వెళ్తున్నానంది. "నాలుగు రోజులుండి వస్తా" అంది. నాలుగు నెలలు అక్కడే ఉండి, అక్కడే పోయింది. ఎందుకు వెళ్ళిందో నాకు చెప్పలేదు. మా ఇంట్లో ఏం తక్కువైందో నాకు తెలియలేదు. నేను వెళ్ళి దహనం చేయించి, పాకల సముద్రంలో అస్థికలు కలిపి, మార్తమ్మ గారితో సరిగా మాట్లాడకుండానే తిరిగొచ్చాను. నా అక్కయ్యని నా ఇంట్లోంచి తీసుకెళ్ళిన మనిషి అని మనసులో ఉండిపోయింది.

అక్కయ్య బయల్దేరిన రోజునే ముందుగదికి తాళం వేశాను. తిరిగొస్తే ఎక్కడి వస్తువు అక్కడే ఉండాలని. ఆవిడ పోయి తొమ్మిది నెలలైనా ఆ తాళం తీయలేదు. మా ఆవిడ విజయ రెండుసార్లు అడిగి ఊరుకుంది. పుస్తకం కాగితాలన్నీ అప్పటికే నా దగ్గర ఉన్నాయి కాబట్టి గదిలోకి వెళ్ళాల్సిన పని కూడా నాకు లేదు.

మొన్న మాఘంలో ఆ కాగితాలు తిరగేస్తుంటే చివరి అధ్యాయం దొరికింది. మొదటి పేరా మాత్రమే రాసింది. "ఏ ఉపగ్రహాన్నైనా మూడు ప్రశ్నలు అడగండి. నేలకి ఎంత ఎత్తున తిరుగుతున్నావు? భూమధ్యరేఖకి ఎంత వాలుగా తిరుగుతున్నావు? నీ దారి గుండ్రంగా ఉందా, సాగి ఉందా? ఈ మూడు జవాబులు తెలిస్తే దాన్ని ఏ రకంలో పెట్టాలో తెలుస్తుంది. ఒకే ఉపగ్రహం రెండు మూడు రకాల కింద రావచ్చు. కంగారు పడకండి. మీరూ అంతే."

దాని కింద ఆరు వరసలు. దిగువ కక్ష్య, నల్లపాడు. మధ్య కక్ష్య, అన్ని ఊళ్ళూ. సూర్యుడితో నడిచే కక్ష్య, పర్చూరు. భూస్థిర కక్ష్య, చీరాల. సాగిన కక్ష్య, గుంటూరు. శ్మశాన కక్ష్య, సింగరాయకొండ.

ఇంకేమీ లేదు. పిల్లలకి ప్రతి కక్ష్యనీ ఒక ఊరి మనిషితో పోల్చి చెప్పడం ఆవిడ అలవాటు. ఆ మనుషులెవరో తెలిస్తే అధ్యాయం పూర్తి చెయ్యొచ్చు. చివరి వరస తెలిస్తే ఆవిడ ఎందుకు వెళ్ళిపోయిందో కూడా తెలుస్తుందనిపించింది. రెండు జతల బట్టలు సర్దుకున్నాను. ముందుగది తాళంచెవి ఎప్పటిలాగే చొక్కా జేబులో ఉంది.

నల్లపాడు

గుంటూరు నుంచి నల్లపాడుకి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. గుంటూరు స్టేషన్ దగ్గర ఆటోవాళ్ళని అడుగుతూ పోతే మూడోవాడు తలతిప్పాడు. పేరు మస్తాన్ వలీ. నలభై దాటి ఉంటాయి. అతని ఆటోలోనే ఎక్కాను.

"సైన్సు టీచరమ్మ గారా? నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదండీ. ఏయ్ దిగువ కక్ష్యా, వస్తున్నావా అనేది."

ఎందుకని అడిగాను.

"రోజుకి ఎన్ని ట్రిప్పులు వేస్తావంది ఒకసారి. పదహారన్నాను. అంతే, పేరు పెట్టేసింది."

నేలకి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగేవి గంటన్నరకి ఒక చుట్టు తిరుగుతాయి. అంటే రోజుకి దాదాపు పదహారు చుట్లు. రెండు వేల కిలోమీటర్ల లోపల ఉన్నవన్నీ దిగువ కక్ష్యవే. మరీ దగ్గరగా ఉన్నవాటిని, ఆ ఎత్తున మిగిలిన పలచటి గాలి కొద్దికొద్దిగా లాగేస్తుంటుంది. అప్పుడప్పుడూ ఇంధనం మండించి పైకి ఎగదోసుకోకపోతే కిందికి జారి గాలిలో కాలిపోతాయి.

"ఆగితే పడిపోతావు అందండి. ఆగితే పడేది నేను కాదమ్మా, వెనకాల కూర్చున్న ఆరుగురూ అన్నాను. రోడ్డంతా నవ్వుతూనే ఉంది."

"ఆ మధ్య ఒకరోజు ఊరికే ఎక్కింది. నల్లపాడు దాకా వచ్చి దిగలేదు. ఒక చుట్టు తిప్పు చాలు అంది. మళ్ళీ గుంటూర్లో దింపాను. సన్నబడిపోయింది. బాగున్నారా ఇప్పుడు?" అన్నాడు.

పోయిందని చెప్పాను. అతను రోడ్డు మీదే చూస్తూ నడిపాడు. వెనకాల కూర్చున్నావిడ దిగేచోటు దాటిపోయిందని కేకేసింది. నేను దిగి ఇరవై రూపాయలు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆవిడ ఎప్పుడూ సరిగ్గా చిల్లరే ఇచ్చేది. నోటు తీసుకోవడం నాకు అలవాటు లేదులెండి" అన్నాడు.

అక్కయ్య ఆ చుట్టు ఎప్పుడు తిరిగిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పక్క వీధికి వెళ్ళొస్తానని చెప్పి ఉంటుంది.

చిలకలూరిపేట మీదుగా

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ మిరప తొడిమలు తీసే పనికి గుంటూరు వచ్చి ఇంటికి పోతోంది. వేళ్ళ సందుల్లో మంటకి కొబ్బరినూనె రాసుకుంది. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో కాయ ఎండుతోంది. కిటికీ తీస్తే దగ్గు, వేస్తే ఉక్క. బస్సు మొత్తం ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతున్నాం. ఆవిడ మాత్రం తుమ్మలేదు.

"ఎవరున్నారు పర్చూర్లో?" అంది.

"ఎవరూ లేరమ్మా."

"మరెందుకు పోతన్నట్టు?"

చెప్పబోయి మానేశాను. ముందు సీట్లో ఒకతను ఫోన్లో దారి చూపించే బొమ్మ పెట్టుకుని, డ్రైవరు తెలిసిన దారినే పోతున్నా, ఎడమకి తిప్పాలి, కుడికి తిప్పాలి అని పైకి చదువుతున్నాడు. "ఈ రోడ్డు మీద ఇరవై ఏళ్ళ నుంచీ తిరుగుతున్నా బాబూ, నువ్వు కాస్త ఊరుకో" అన్నాడు డ్రైవరు.

ఆ బొమ్మకి దారి చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. రోజుకి రెండు చుట్లు. దిగువదీ కాదు, మరీ పైదీ కాదు కనుక మధ్య కక్ష్య. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట ఒకేసారి వినబడితే గానీ మనమెక్కడున్నామో ఫోనుకి తెలియదు. అక్కయ్య "అన్ని ఊళ్ళూ" అని ఎందుకు రాసిందో ఇది ఒక్కటి ఎవరినీ అడగక్కర్లేకుండా తెలిసింది.

పర్చూరు

పర్చూరు పక్క ఊళ్ళో అక్కయ్య పనిచేసిన బడి ఉంది. అటెండరు నా మాట పూర్తిగా వినకుండానే, "సూర్యుడూ, కక్ష్యా అంటే పదిన్నర కోటేశ్వరరావు. రేపు పదిన్నరకి చేనుకి పొండి, గట్టు మీద నిలబడి ఉంటాడు" అన్నాడు. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్తే కోటేశ్వరరావు నన్ను కదలనివ్వలేదు. పండుమిరప పచ్చడి, గోంగూర పప్పు, గడ్డ పెరుగు. గుంటూర్లో మేం కారం ఎక్కువ తింటామనుకునేవాణ్ణి. వాళ్ళింట్లో నాలుగేళ్ళ పిల్ల తిన్న పచ్చడి నేను తినలేకపోయాను. పిల్ల నన్ను చూసి నవ్వింది.

మర్నాడు పదింటికే పత్తిచేనుకి తీసుకెళ్ళాడు. చివరి తీత నడుస్తోంది. కూలీ ఆడవాళ్ళు ఒళ్ళో కట్టుకున్న గుడ్డల్లోకి పత్తి తీస్తున్నారు. కోటేశ్వరరావు కండువా దులిపి భుజాన సరిగా వేసుకుని గట్టెక్కి నిలబడ్డాడు. అతని భార్య చేలోంచే అంది.

"ఫోటోలో పడతాడంట. పెళ్ళి ఫోటోలోనే సగం చెయ్యి పడింది, ఇప్పుడు పైనుంచి పడతాడంట."

ఆడవాళ్ళు నవ్వారు. అతను కదల్లేదు.

కొన్నేళ్ళ కిందట పంట నమోదు చేసే ఆఫీసులో అతని చేను బొమ్మ చూపించారట. పైనుంచి తీసిన బొమ్మలో చేనంతా ఎర్రగా ఉంది. నా పత్తిని మిరప కింద రాసేశారని గొడవపడ్డాడు. ఎర్రగా ఉంటే మిరపే కదా, ఈ నేల మీద ఎవరైనా అదే అనుకుంటారు. చుట్టుపక్కల రైతులు కూడా కలిసి నాలుగు రోజులు ఆఫీసు గుమ్మం వదల్లేదట. చివరికి బడినుంచి అక్కయ్యని పిలుచుకొచ్చారు.

"మన కంటికి ఆనని వెలుతురొకటి ఉందంట. పచ్చటి ఆకు దాన్ని బాగా తిప్పికొడతదంట. ఆ కెమేరా దాన్ని పట్టి, మనకి కనబడాలని ఎర్రరంగు పూస్తారంట. ఎంత ఎర్రగుంటే అంత పచ్చగున్నట్టు కోటేశ్వరరావూ, నీ చేను బ్రహ్మాండంగా ఉంది, ఇంటికి పో అంది. నోరు మూసుకుని వచ్చేశా."

ఆ బొమ్మలు తీసేవి ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున, దాదాపు ధ్రువాల మీదుగా ఉత్తర దక్షిణాలు తిరుగుతాయి. ఎత్తుని బట్టి చూస్తే అవీ మస్తాన్ లాగా దిగువ కక్ష్యవే. వాలుని బట్టి చూస్తే ధ్రువ కక్ష్యవి. ఆ వాలు ఎలా కుదిరిస్తారంటే, కక్ష్య మొత్తం రోజుకి దాదాపు ఒక డిగ్రీ చొప్పున తిరిగి సూర్యుడితో సమానంగా నడుస్తుంది. అందుకని ఏ చేను మీదికి వచ్చినా గడియారంలో అదే వేళకి వస్తుంది. నీడలు ఒకేలా ఉంటే ఈ వారం బొమ్మనీ, పోయిన వారం బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇక్కడికి వచ్చేది పదిన్నర ప్రాంతంలో.

"రోజూ రాదు, కొన్ని రోజులకోసారి వస్తది అని చెప్పింది. ఏ రోజో నాకు తెలవదు కాబట్టి రోజూ నిలబడతా. నువ్వు కనబడవు, ఒక చుక్కలో నువ్వూ నీ గట్టూ పక్కవాడి పత్తీ అన్నీ కలిసిపోతాయి అంది. చుక్కలో ఉన్నాగా అక్కా, చాలన్నా."

"ఆవిడేమంది?"

"చెప్పులిప్పి గట్టెక్కి నా పక్కన నిలబడింది."

నేనూ నిలబడ్డాను. పదిన్నర దాటింది. ఏమీ కనబడలేదు, కనబడదని తెలుసు. అక్కయ్య ఇక్కడ నిలబడ్డ రోజున అది పైన ఉందో లేదో చెప్పడానికి లేదు. ఉండి ఉంటే ఏదో బొమ్మలో ఒక చుక్కలో ఆవిడ ఉంటుంది. గట్టుతో, పత్తితో కలిసిపోయి. మా ఇంట్లో ఆవిడ ఫోటోలు మూడే ఉన్నాయి. ఇది నాలుగోది అనుకున్నాను.

చీరాల

చీరాలలో అక్కయ్య తొమ్మిదేళ్ళు ఒకే మేడమీద గదిలో అద్దెకుంది. కింద నేతవాళ్ళు. ఇంటావిడ నాగమణి గుంటమగ్గంలో కూర్చునే నాకు మేడకి దారి చూపించింది, లేవలేదు. చీర సగంలో ఉంది.

వీధిలో ప్రతి మేడ మీదా టీవీ డిష్షు ఉంది. అన్నీ దక్షిణానికే చూస్తున్నాయి. మా వీధిలోనూ అంతే. కానీ నేనెప్పుడూ అలా వరసగా చూడలేదు. యముడి దిక్కు. మాఘమాసపు ఎండలో ఊరు ఊరంతా అటే మొహం పెట్టుకుని ఉన్నట్టుంది.

"మా మామగారు ఒప్పుకోలేదండీ" అంది నాగమణి. "నా ఇంటి మీద యముడికెదురుగా పళ్ళెం పెడతారా అని ఈశాన్యానికి తిప్పించాడు. మూడు రోజులు టీవీలో చీమలే. అప్పుడు టీచర్ గారు కిందికి దిగొచ్చి చెప్పారు. ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల పైన ఉందండీ, అక్కడైతేనే భూమి ఒక చుట్టు తిరిగేసరికి అదీ ఒక చుట్టు తిరుగుతుంది, మనకి కదలనట్టే ఉంటుంది. అదీ భూమధ్యరేఖ పైనే ఉండాలి. ఆ రేఖ మనకి దక్షిణాన ఉందండీ, నేనేం చెయ్యను అన్నారు. అయితే ఆ ఉపగ్రహాన్నే తూర్పుకి జరపమనమ్మా అన్నాడాయన."

"తర్వాత?"

"తర్వాత డిష్షు తీసి పక్కింటి గోడ మీద పెట్టించాడు. దోషం వాళ్ళకి, సినిమాలు మాకు."

చెబుతూ కూడా నేత ఆపలేదు. పైనుంచి చూస్తే మనిషి కూర్చున్నచోటే ఉంది. గుంటలో కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూనే ఉన్నాయి. నేను చూస్తున్నానని గమనించింది.

"ఆవిడా ఇలాగే చూసేవారు. కదలనట్టు కనబడేది సెకనుకి మూడు కిలోమీటర్లు పరిగెడుతోంది నాగమణీ, ఎవరూ నమ్మరు అనేవారు. నన్ను నమ్మారా ఎవరైనా అన్నాను. పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నావుగా అంటాడు మా ఆయన."

భోజనానికి పప్పుచారు, వేయించిన వంకాయ పెట్టింది. పెట్టేటప్పుడు మెల్లిగా అడిగింది.

"చివర్లో మీ దగ్గర లేరటగా. తెలిసి బాధనిపించింది. ఏమైందండీ?"

ఇంత దూరం ఆ ప్రశ్న పట్టుకునే వచ్చాను. తెలియదన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. సొంత అక్క ఇల్లు విడిచి ఎందుకెళ్ళిందో తమ్ముడికి తెలియకపోవడం చీరాలలో ఉండదేమో. మా వీధిలో ఉంటుంది. ఒక ఇంట్లో ఉండి కూడా అడగం. అడిగితే చెప్పేస్తారని భయం.

మధ్యాహ్నం పాసింజరు ఎక్కాను. ఒంగోలు దాటేదాకా కాగితం చూస్తూనే ఉన్నాను. సాగిన కక్ష్య, గుంటూరు. గుంటూర్లో నాకు తెలియని మనిషి అక్కయ్యకి ఎవరున్నారో ఎంత ఆలోచించినా తట్టలేదు.

సింగరాయకొండ

మార్తమ్మ గారు లెక్కల టీచరు. అక్కయ్య కంటే రెండేళ్ళు పెద్ద. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. నన్ను చూసి గేటు తీస్తూనే అన్నారు.

"రండి శేషగిరి గారూ. గుంటూరు నుంచి ఇక్కడికి తొమ్మిది నెలలు పట్టిందా?"

నేను చెప్పులు విడుస్తూ తల దించుకున్నాను. మంచినీళ్ళిచ్చారు. కాగితం తీసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వరసా వేలితో చదివారు. ఐదో వరస దగ్గర వేలు ఆగింది.

"ఇది తెలియలేదా మీకు?"

"తెలియలేదండీ. గుంటూర్లో ఎవరు?"

"మీరే."

కొన్ని ఉపగ్రహాల దారి బాగా సాగి ఉంటుంది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు విపరీతమైన వేగంతో దాటిపోతాయి. ఎక్కువ కాలం దూరంగా, నెమ్మదిగా గడుపుతాయి. ఇది నాకు పుస్తకంలో తెలుసు. అక్కయ్య ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నేను ఆవిడ ఉన్న ఊళ్ళకి వెళ్ళినవి కొన్నిసార్లే. ప్రతిసారీ పొద్దుటి బస్సుకి దిగి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాను. అన్నం తింటూ గడియారం చూసుకునేవాణ్ణి.

"కోపంతో రాసింది కాదు" అన్నారు మార్తమ్మ గారు. "ఎంత దూరం పోయినా తెంచుకుని పోదు మార్తా, మళ్ళీ వస్తుంది, వాడూ అంతే అంది."

కాసేపటికి నేనే అడిగాను. "మా ఇంట్లో ఏం తక్కువైందండీ?"

"తక్కువా? ఎక్కువైంది. మీరు కాఫీ గ్లాసు పట్టుకుని ఏడుస్తూ వచ్చేవారట. మా తమ్ముడు మొహం చూస్తే నా కాఫీ చల్లారిపోతోంది అనేది." నవ్వబోయి ఆగారు. "అది సగం. మిగతా సగం అసలు సంగతి. మీ అమ్మాయికి అప్పుడు ఏడో నెల కదా."

నా కూతురు మాధవి అత్తవారిది తెనాలి. తొలిచూలు. పురిటికి మా ఇంటికే తీసుకురావాలి. ఇంట్లో వెలుతురు వచ్చే గది ముందుగది ఒక్కటే. తూర్పు కిటికీ ఉంది.

"పిల్ల పురిటికొస్తే ఆ గదిలో నేను పడుకుని ఉంటాను. మందుల వాసన. నన్ను లేవమని వాళ్ళు చచ్చినా అనరు. పిల్లని ఎక్కడో మూల పడుకోబెడతారు. నడిచే ఓపిక ఉండగానే నేనే లేవాలి అంది. వచ్చిన రోజు రాత్రే చెప్పింది నాకు. ఈ వరస అదే." ఆరో వరస మీద వేలు పెట్టారు. "మీ దగ్గర రాయలేదా ఎక్కడా?"

రాయలేదన్నాను. ఆవిడ చెప్పారు. అక్కయ్య చెప్పినట్టే, ఒకటొకటిగా.

భూస్థిర కక్ష్య ఒక్కటే దారి. అందులో చోట్లు కొన్నే. ముసలిదైన ఉపగ్రహం అక్కడే ఉండిపోతే దాని చోటు ఇంకొకదానికి ఇవ్వడం కష్టం. అదుపు తప్పి కొట్టుకుపోతే పక్కవాటికీ ప్రమాదం. కిందికి దింపి కాల్చడానికి అది మరీ దూరం. అందుకని పని చేస్తుండగానే కాస్త ఇంధనం దాచిపెట్టాలి. చివర్లో దాన్ని మండించి మరో మూడు వందల కిలోమీటర్లు పైకి వెళ్ళిపోవాలి. ఇంకొన్నాళ్ళు పని చేయిద్దామని ఆఖరి బొట్టు దాకా వాడినవాళ్ళది అక్కడే ఉండిపోతుంది.

"శ్మశానం అని పేరెందుకు పెట్టారో, అక్కడ ఏదీ కాలదు, తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ పలకరించరు అంతే అనేది. మంచి పేరు దొరికితే మార్చమని మీకు చెబుతానంది." మార్తమ్మ గారు కళ్ళజోడు తీశారు. "పాప పుట్టాక మాత్రం రోజూ అదే మాట. పాపకి పసికామెర్లటగా, పొద్దుటెండ చూపించమన్నారటగా. ఆ గదిలో బాగా పడుతుంది మార్తా ఎండ, నాకు తెలుసు అనేది. మీకు ఫోన్ చేసి అడిగి, పడుతోందట అని నాకు చెప్పి నిద్రపోయేది."

అడిగింది. నాకు గుర్తుంది. "పాపకి ఎండ పడుతోందా?" అని అడిగింది. "పడుతోంది అక్కయ్యా" అన్నాను. పడింది కూడా, పంచలో. మాధవి పురుడు హాల్లో జరిగింది. రెండు చీరలు అడ్డం కట్టి, వచ్చేపోయేవాళ్ళ మధ్య, ఫ్యాను గాలి అందని మూల మంచం వేశాం. ముందుగది తాళంచెవి నా జేబులో ఉంది. విజయ అడిగినప్పుడు, అక్కయ్య తిరిగొస్తే ఎక్కడుంటుంది అన్నాను. బిడ్డనెత్తుకుని ఆ మూసిన తలుపు ముందునుంచే పంచలోకి తిరిగాను.

తన దగ్గర మిగిలిన ఓపికంతా పెట్టి ఆవిడ ఖాళీ చేసిన చోటది. నేను దానికి తాళం వేశాను.

మార్తమ్మ గారికి ఈ సంగతి చెప్పకుండా లేచి వచ్చేయాలనుకున్నాను. చెప్పాను. చర్చిలో ఎవరో పాట సాధన చేస్తున్నారు. ఒకే వరస మళ్ళీ మళ్ళీ పాడుతున్నారు.

"సీతారత్నానికి తెలుసా?" అన్నారు.

"తెలియదు."

"సరే. పాపకి ఇప్పుడెన్నో నెల?"

"పదకొండు."

"నడక వచ్చిందా?"

"ఇంకా లేదు. పాకుతోంది."

"అయితే ఇంటికెళ్ళి గది తియ్యండి."

ఆ రాత్రి నన్ను అక్కడే ఉండమన్నారు. అక్కయ్య పడుకున్న మంచం మీద ఇప్పుడు మార్తమ్మ గారి మనవరాలి పుస్తకాలున్నాయి. ఆ పిల్ల వాటిని తీసి నాకు చోటిచ్చింది. అక్కయ్య గుర్తుగా ఏమైనా దాచారా అని అడిగితే, "మంచం ఉందిగా. రోజూ వాడుకుంటున్నాం" అన్నారు.

పొద్దున్నే పాకల వెళ్ళి సముద్రం దగ్గర కూర్చున్నాను. అస్థికలు కలిపిన చోటు గుర్తుపట్టలేకపోయాను. చేపల బుట్టలతో ఆడవాళ్ళు, అడ్డం లేవయ్యా అంటే లేచి పక్కకి జరిగాను.

మళ్ళీ గుంటూరు

తాళంచెవి విజయ చేతిలో పెట్టాను. చీపురూ, తడిగుడ్డా తెచ్చుకుని వెళ్ళి తలుపు తీసింది. ఏడాదికి పైగా మూసిన వాసన పోవడానికి రెండు రోజులు పట్టింది. అక్కయ్య కుర్చీ పంచలో వేశాం. నేను దాన్నిప్పుడు పేపరు చదువుకోవడానికి వాడుతున్నాను.

అధ్యాయం పూర్తి చేశాను. మస్తాన్, కోటేశ్వరరావు, నాగమణి అందులోకి వచ్చారు. నాగమణి మామగారి డిష్షు కూడా. గుంటూరు అని ఉన్నచోట నా సంగతి ఉన్నదున్నట్టు రాశాను. దిద్దడానికి అందులో తప్పేమీ లేదు. శ్మశాన కక్ష్యకి వేరే పేరు నాకు దొరకలేదు. ఆ పేరు అలాగే ఉంచి, అక్కడ ఏదీ కాలదు, తిరుగుతూనే ఉంటుంది అన్న ఆవిడ మాట కింద రాశాను.

ఆదివారం మాధవి పాపని తీసుకొచ్చింది. గది తలుపు తీసి ఉండటం చూసి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, సంచి లోపల పెట్టుకుంది. నేనామెకి చెప్పాల్సింది చెప్పాను. ఆమె పాప జుట్టు సరిచేస్తూ విని, "అత్తయ్య నన్ను అడిగినా వద్దనేదాన్ని నాన్నా. అందుకే అడగలేదేమో" అంది.

మర్నాడు పొద్దున ఏడున్నరకి తూర్పు కిటికీలోంచి ఎండ వచ్చి నేల మీద చాపంత మేర పడింది. పాప పాక్కుంటూ వెళ్ళి దాని మధ్యలో కూర్చుంది. అక్కయ్య ఫోన్లో అడిగింది, పాపకి ఎండ పడుతోందా అని.

పడుతోంది.